ర్యామ్ ఓవర్‌క్లాకింగ్, ప్రాసెసర్‌కి ఎసరు పెట్టకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

ర్యామ్ స్పీడు పెంచితే ప్రాసెసర్ ఎందుకు పాడవుతుంది? రెండూ వేర్వేరు కదా?

ర్యామ్‌ని దాని ప్రమాణ స్పీడు దాటించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. ర్యామ్, ప్రాసెసర్ చూడ్డానికి వేరే. కానీ ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ఉన్నది ప్రాసెసర్ లోపలే. ఒకప్పుడు అది మదర్‌బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్‌లో ఉండేది, 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చింది, 2008లో మొదటి కోర్ ఐ7తో ఇంటెల్ కూడా అదే పని చేసింది. అప్పట్నుంచి మనం ర్యామ్‌ని పరిగెత్తించిన ప్రతిసారీ దాంతోపాటు పరిగెత్తాల్సింది ప్రాసెసర్‌లోని ఆ ముక్క. ర్యామ్ స్టిక్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, కంట్రోలర్ పోతే మొత్తం ప్రాసెసరే పోయినట్టు.

ఇది కొత్త భయం కూడా కాదు. ఆ మొదటి ఐ7ల కాలంలో ర్యామ్ వోల్టేజీ 1.65 దాటితే ప్రాసెసర్ దెబ్బతినొచ్చని ఇంటెల్ చెప్పింది, కొన్ని బోర్డుల మీద ర్యామ్ స్లాట్ల దగ్గర ఆ హెచ్చరికతో స్టిక్కర్లే అంటించి వచ్చేవి. 2015లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లు వచ్చినప్పుడూ అంతే, 1.5 వోల్టుల పాత డీడీఆర్3 స్టిక్కులు పెట్టొద్దు, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే పెట్టండి అన్నారు.

అయితే స్పీడు పెంచడమే ప్రమాదమా?

కాదు. స్పీడు ఎక్కువైతే సిస్టమ్ బూట్ అవ్వదు, లేదా బూట్ అయ్యి తప్పులు చేస్తుంది. వెనక్కి తగ్గిస్తే మామూలైపోతుంది (మీ ఫైళ్ల సంగతి వేరు, దాని గురించి కింద చెప్తాను). ప్రాసెసర్‌ని నిజంగా తినేది వోల్టేజీ, దానికి వేడి తోడైతే ఇంకా త్వరగా. అదీ ఒక్కసారి ఫట్‌మని పోవడం చాలా అరుదు. చెదలు పట్టిన ద్వారబంధంలా ఉంటుంది వ్యవహారం, రంగు, చెక్కడం అన్నీ బాగానే కనిపిస్తుంటాయి, ఒకరోజు వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. నిన్నటిదాకా 3600 స్పీడులో హాయిగా నడిచింది ఈరోజు 3400లో కూడా నిలబడదు, మనమేమో ర్యామ్ పోయిందనుకుని స్టిక్కులు మారుస్తూ కూర్చుంటాం.

ఇంకో విషయం, నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది. చాలామంది విషయంలో ఆ వోల్టేజీ పెంచేది వాళ్లు కాదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) "ఆటో" అని ఉంటుంది చూడండి, అది.

ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగేనా? ర్యామ్ డబ్బా మీద 3600 అని రాసుందిగా?

అవును, ఓవర్‌క్లాకింగే. ఎక్స్‌ఎంపీ అంటే స్పీడు, టైమింగ్స్ (ఒక్కో పనికి ర్యామ్ తీసుకునే క్లాకుల లెక్క), వోల్టేజీ కలిపి తయారీదారు స్టిక్కులో ముందే రాసిపెట్టిన ప్రొఫైల్, ఏఎండీ వైపు దాని పేరు ఎక్స్‌పో. డీడీఆర్4కి జెడెక్ (మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం 1600 నుంచి 3200 వరకు, 1.2 వోల్టుల దగ్గర. 3600 స్టిక్కు అంటే ఆ ప్రమాణం దాటి, సాధారణంగా 1.35 వోల్టుల దగ్గర ఆ స్పీడుని అందుకుంటుందని తయారీదారు పరీక్షించాడని అర్థం. పరీక్షించింది స్టిక్కుని. మీ ఇంట్లో ఉన్న ప్రాసెసర్‌ని కాదు.

ప్రాసెసర్ వైపు నుంచి చూస్తే లెక్కలు ఇంకా తక్కువ. రైజెన్ 7000 అధికారికంగా హామీ ఇచ్చేది రెండు స్టిక్కులతో డీడీఆర్5-5200, నాలుగు స్టిక్కులు పెడితే 3600 మాత్రమే. మనం మామూలుగా వాడే 6000 ఎక్స్‌పో ప్రొఫైల్ దానికి చాలా పైన ఉంది. ఇంటెల్ ఎక్స్‌ఎంపీనీ, ఏఎండీ ఎక్స్‌పోనీ తమ నిబంధనల్లో ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కగడతాయి, వారంటీ మీద ప్రభావం ఉండొచ్చని రాసి మరీ పెడతాయి. అయినా ఆన్ చేయొద్దని నేను అనను, నా సిస్టమ్‌లో కూడా ఆన్‌లోనే ఉంది. ఆన్ చేశాక ఒకసారి వోల్టేజీలు చూసుకోండి, అంతే.

నాది 3200 ర్యామ్, కానీ సీపీయూ-జడ్ అనే ప్రోగ్రాంలో 1600 చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడా?

లేదు. డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపడం. 1600 మెగాహెర్ట్జ్ క్లాక్, 3200 మెగాట్రాన్స్‌ఫర్లు. 1066 చూపిస్తే మాత్రం మీ ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లో ఉంది, 2133లో నడుస్తోంది. ఇలా కొన్న రోజు నుంచి మూడింట రెండొంతుల స్పీడుతో ఏళ్ల తరబడి నడుస్తున్న సిస్టమ్‌లు ఎన్ని చూశానో.

సరే, ఏయే వోల్టేజీలు చూడాలి? బయోస్‌లో యాభై ఉన్నాయి.

యాభైలో మనకి కావాల్సింది మూడు నాలుగు. కింద చెప్పే అంకెలు నేను రోజువారీ వాడకానికి పెట్టుకున్న గీతలు, రికార్డుల కోసం నైట్రోజన్ పోసేవాళ్లకి కాదు.

మొదటిది డీర్యామ్ వోల్టేజీ. ఇది స్టిక్కులకి వెళ్లేది. డీడీఆర్4లో 1.35 దగ్గర నిశ్చింతగా ఉండొచ్చు, గాలి బాగా తగిలితే 1.4, 1.45 వరకు కూడా జనం ఏళ్లుగా నడుపుతున్నారు. డీడీఆర్4కి జెడెక్ చెప్పిన గరిష్ఠ హద్దు 1.5. డీడీఆర్5 మూలం 1.1, ప్రొఫైళ్లు 1.25 నుంచి 1.4 వరకు అడుగుతాయి. డీడీఆర్5లో వోల్టేజీని సర్దే పీఎంఐసీ చిప్ స్టిక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ వేడి కూడా అక్కడే.

రెండోది, అసలు కథ ఇదే, మెమరీ కంట్రోలర్‌కి వెళ్లే వోల్టేజీ. ఏఎండీలో దాని పేరు ఎస్‌ఓసీ. రైజెన్ 3000, 5000లలో 3600 నడపడానికి 1.05 నుంచి 1.1 సరిపోతుంది, 1.2 నాకు గోడ, దాన్ని దాటను. దీంతోపాటు వీడీడీజీ అని ఇంకోటి ఉంటుంది, అది ఎస్‌ఓసీ కన్నా ఓ 0.05 తక్కువలో ఉండాలి. రైజెన్ 7000లో 6000 స్పీడుకి 1.2 అటూ ఇటూగా సరిపోతుంది, కొన్ని ప్రాసెసర్లు 1.15లోనే నడిచేస్తాయి.

ఇంటెల్‌లో దాని పేరు సిస్టమ్ ఏజెంట్, బయోస్‌లో ఎస్‌ఏ అని కనిపిస్తుంది. 12వ తరానికి ముందు దానికి జోడీగా వీసీసీఐఓ కూడా ఉండేది. మామూలుగా 1 వోల్టుకి అటూ ఇటూ ఉండే ఈ రెండింటినీ, ఎక్స్‌ఎంపీ ఆన్ చేయగానే కొన్ని బోర్డులు ఆటోలో 1.35, 1.4 వరకు లాక్కెళ్లేవి. అంత అక్కర్లేదు. బోర్డు తయారుచేసేవాడి బాధ ఏంటంటే, ఏ నాసిరకం కంట్రోలర్ వచ్చినా ఏ ర్యామ్ పెట్టినా బూట్ అవ్వాలి, లేకపోతే కస్టమర్ బోర్డు వెనక్కి ఇచ్చేస్తాడు. కాబట్టి అందరికీ కలిపి ఒకే పెద్ద చెంచాతో వడ్డిస్తాడు. మీకు అంత ఆకలి ఉందో లేదో అతనికి తెలీదు. నేను ఆటో తీసేసి 1.15తో మొదలుపెడతాను, పరీక్షలో తప్పులొస్తే 0.02 చొప్పున పెంచుతాను, 1.25 దగ్గరకొస్తే ఆగి స్పీడే తగ్గించుకుంటాను.

12వ తరం నుంచి డీడీఆర్5 సిస్టమ్‌లలో వీడీడీ2, వీడీడీక్యూ టీఎక్స్ అనే రెండు కూడా కంట్రోలర్ వైపువే. ఇవి కూడా ఆటోలో వదిలేస్తే ఎంతిస్తున్నాయో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూడండి.

మీరు పెట్టిన అంకె కాదు, చదివిన అంకె ముఖ్యం. బయోస్‌లో 1.20 పెడితే బోర్డు 1.22 ఇవ్వొచ్చు.

2023లో రైజెన్ ఎక్స్‌3డీలు కాలిపోయాయన్నారు, అది ర్యామ్ వల్లేనా?

ఒక రకంగా అవును. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్‌3డీ (అదనపు క్యాష్ ఉన్న) ప్రాసెసర్లు సాకెట్‌తో సహా మాడిపోయి, ఉబ్బిపోయిన ఫొటోలు బయటకొచ్చాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీని బాగా ఎత్తేయడం అందులో పెద్ద కారణంగా తేలింది. ఏఎండీ వెంటనే ఎస్‌ఓసీని 1.3 దాటకుండా కట్టేస్తూ కొత్త బయోస్ కోడ్ విడుదల చేయించింది. చూశారుగా, వాళ్లలో ఎక్కువమంది చేసింది ఒక్క బటన్ నొక్కడమే. అందుకే ఏఎం5 (రైజెన్ 7000 పట్టే సాకెట్) బోర్డు వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు, ఎక్స్‌పో జోలికి వెళ్లేముందు బయోస్ అప్‌డేట్ చేయండి. అది కూడా కరెంటు పోదన్న నమ్మకం ఉన్న టైమ్‌లో, లేదా యూపీఎస్ మీద.

నా బోర్డు మెమరీ ఓవర్‌క్లాకింగ్ చేయనిస్తుందా?

బోర్డు మీది చిప్‌సెట్ పేరు చూడండి. ఏఎండీ అయితే బీ సిరీస్, ఎక్స్ సిరీస్ అన్నీ చేయనిస్తాయి, ఏ520 కూడా. ఇంటెల్‌లో జడ్ సిరీస్ ఎప్పుడూ ఓకే, బీ సిరీస్ మాత్రం 2021లో వచ్చిన బీ560 నుంచే. బీ460, హెచ్410, హెచ్510, హెచ్610 ఉంటే ఆశ వదులుకోండి. ఇంకో మెలిక ఉంది, 12వ తరం నుంచి కే అక్షరం లేని ప్రాసెసర్లలో ఎస్‌ఏ వోల్టేజీ లాక్ అయ్యుంటుంది, బీ660లో డీడీఆర్4 పెట్టి 3600 నడవట్లేదని తల పట్టుకునేవాళ్లకి చాలాసార్లు కారణం అదే. 3200కి దించుకోండి, టైమింగ్స్ బిగించుకోండి.

ఎంత స్పీడు పెట్టుకోవాలి? ఎక్కువ ఉంటే మంచిదేగా?

కాదు, ఇక్కడే డబ్బులు వృథా అయ్యేది. రైజెన్ 3000, 5000లలో మెమరీ క్లాక్, కంట్రోలర్ క్లాక్, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి ముక్కల్ని కలిపే దారి) మూడూ అడుగులో అడుగేసి నడవాలి. ఫ్యాబ్రిక్ ఎక్కువ చిప్‌లలో 1800, 1900 దగ్గర అలిసిపోతుంది, అంటే ర్యామ్ 3600 నుంచి 3800. మీరు 4400 పెడితే అడుగు తప్పి కంట్రోలర్ సగం స్పీడుకి పడిపోతుంది, ఆలస్యం పెరుగుతుంది. ఇంటెల్‌లో 11వ తరం నుంచి అడుగు కలిస్తే గేర్ 1, కంట్రోలర్ సగానికి పడితే గేర్ 2 అంటారు. రైజెన్ 7000కి 6000 మంచి చోటు.

సీఎల్ అంకెని (అడిగిన డేటా రావడానికి పట్టే క్లాకులు) కూడా లెక్కలో వేసుకోండి. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3200 సీఎల్16 అంటే 10, 3600 సీఎల్18 అన్నా 10, 6000 సీఎల్30 అన్నా 10. డీడీఆర్5 4800 సీఎల్40 అయితే 16.7 దగ్గర ఉంటుంది.

వరసగా ఏం చేయాలో చెప్పన్నా.

ముందు ముఖ్యమైన ఫైళ్లు బయట డ్రైవ్‌లోకి కాపీ చెయ్. విండోస్ 11 అయితే బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకో, ఎందుకంటే బయోస్ రీసెట్ చేశాక అది ఆ కీ అడిగే అవకాశం ఉంది, అర్ధరాత్రి ఆ నీలం తెర ముందు కూర్చుని పాత ఈమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుచేసుకోవడం కన్నా నరకం లేదు.

రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి, సాధారణంగా వాటి పక్కన ఏ2, బీ2 అని ఉంటుంది. తర్వాత ప్రొఫైల్ ఆన్ చేసి, సేవ్ చేసి, మళ్లీ బయోస్‌లోకే వచ్చి పైన చెప్పిన వోల్టేజీలు చదువు. ఎక్కువున్నవాటిని చేత్తో తగ్గించు. అక్కడితో ఆపేసినా తప్పులేదు, లాభంలో పెద్ద ముక్క వచ్చేసినట్టే.

ఇంకా ముందుకెళ్లాలంటే ఒక్కసారికి ఒక్కటే మార్చు. స్పీడు, టైమింగ్స్, వోల్టేజీ మూడూ ఒకేసారి కెలికితే ఏది తేడా కొట్టిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. స్పీడు ఒక మెట్టు, బూట్, చిన్న పరీక్ష, ఒక నోటుపుస్తకంలో ఒక గీత. స్పీడు ఖాయమయ్యాకే టైమింగ్స్. పనిచేసిన ప్రతి దశనీ బయోస్‌లో ప్రొఫైల్‌గా దాచుకో.

స్క్రీన్ నల్లగా ఉండిపోయింది! పోయిందా?

కంగారు పడకండి. డీడీఆర్5 అయితే మొదటిసారి ట్రైనింగ్ (ర్యామ్‌తో సర్దుబాటు) చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, ఆ టైమ్‌లోనే చాలామంది టెన్షన్‌తో పవర్ బటన్ నొక్కేస్తారు. ఓ పదిహేను నిమిషాలు వదిలేయండి. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ (బయోస్ సెట్టింగులు చెరిపేసే) పిన్నుల్ని కలపండి, లేదా గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయటపెట్టి మళ్లీ పెట్టండి. దీనివల్ల ఏదీ చెడిపోదు.

నిలకడగా ఉందని ఎలా తెలుస్తుంది? విండోస్ ఓపెన్ అయింది, గేమ్ కూడా ఆడాను.

అది పరీక్ష కాదు. ముందు యూఎస్‌బీ నుంచి మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు, విండోస్‌లోకి అడుగుపెట్టకముందే. అందులో ఒక్క తప్పొచ్చినా వెనక్కి. తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5 కానీ ఓసీసీటీ కానీ, కొనగలిగితే కార్హూ, కొన్ని గంటలు. కంట్రోలర్‌ని గట్టిగా పిండాలంటే వై-క్రంచర్, ప్రైమ్95లో లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ. ఒక్క తప్పు ఉన్నా తప్పే, "పది గంటల్లో ఒక్కటేగా" అనే మాట ఇక్కడ చెల్లదు.

మన ఊళ్లలో దీనికి ఇంకో షరతు ఉంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జ్, అది కారిపోతూ ఉంటుంది కాబట్టి మళ్లీమళ్లీ నింపాలి, డీడీఆర్4లో సగటున 7.8 మైక్రోసెకన్లకి ఒక రీఫ్రెష్ ఆదేశం వెళ్తుంది. వేడెక్కితే కారడం ఎక్కువవుతుంది. మనమేమో టీఆర్ఎఫ్‌సీ (ఒక్కో రీఫ్రెష్‌కి ఇచ్చే టైమ్) బిగించి, టీఆర్ఈఎఫ్ఐ (రెండు రీఫ్రెష్‌ల మధ్య టైమ్) సాగదీసి ఆ నింపే టైమ్‌నే కోసేస్తాం. శాంసంగ్ బీ-డై రకం చిప్‌లున్న స్టిక్కులు బిగించిన టైమింగ్స్‌తో 50 డిగ్రీల దగ్గరకొస్తే తప్పులు మొదలుపెట్టడం అందరికీ తెలిసిన సంగతే. సంక్రాంతి చలిలో రాత్రంతా పాసైన సెట్టింగు రోహిణి కార్తెలో నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, రోళ్లు పగిలే ఎండల్లో విజయవాడలో డాబా మీద గదిలో పెట్టిన సిస్టమ్ అయితే మరీను. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి కూడా నేరుగా ర్యామ్ మీదకే వెళ్తుంది. కాబట్టి గేమ్ ఒక గంట ఆడి క్యాబినెట్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, అప్పుడు పరీక్ష పెట్టండి. ర్యామ్ మీదకి చిన్న ఫ్యాన్ ఒకటి తిప్పితే 0.05 వోల్టు పెంచడం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఒకటి రెండు తప్పులొస్తే ఏమవుతుంది? మహా అయితే రీస్టార్ట్ అవుతుందిగా?

నేనూ అలాగే అనుకున్నాను. పాత సిస్టమ్‌లో ర్యామ్‌ని కాస్త గట్టిగా బిగించి, అరగంట పరీక్ష పెట్టి, చాల్లే అనుకున్నాను. ఆ తర్వాతి వారం నాన్నగారి పొలం కాగితాలు, పాసుపుస్తకం, పాత దస్తావేజులు అన్నీ స్కాన్ చేసి ఒక జిప్‌గా కట్టి, అదే ఫైల్‌ని రెండు చోట్ల కాపీ చేసి పెట్టాను. ఎనిమిది నెలల తర్వాత బ్యాంకులో అవసరమై తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైల్ పాడైంది. రెండు కాపీలూ అంతే, ఎందుకంటే జిప్ తయారయ్యేటప్పుడే ర్యామ్‌లో ఒక బిట్టు తిరగబడింది. బ్లూ స్క్రీన్ ఒక్కటి కూడా రాలేదు. అసలు కాగితాలు ఊళ్లో బీరువాలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మళ్లీ అన్నీ స్కాన్ చేస్తూ నాన్నగారి చేత తిట్లు తిన్నాను.

డీడీఆర్5లో ఈసీసీ ఉంటుందిగా, ఈ బాధ లేదనుకుంటా?

ఈసీసీ అంటే తప్పు బిట్లని పట్టుకుని సరిచేసే ఏర్పాటు, కానీ మామూలు డీడీఆర్5లో ఉన్నది చిప్ లోపలి ఈసీసీ మాత్రమే. చిప్ లోపల దాచిన బిట్లని సరిచూస్తుందే తప్ప, స్టిక్కు నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో జరిగే తప్పుల్ని పట్టుకోదు. ఓవర్‌క్లాకింగ్‌లో ఆ దారిలో వచ్చే తప్పులే ఎక్కువ బాధ పెడతాయి.

ఉన్న రెండు స్టిక్కులకి ఇంకో రెండు కలపొచ్చా?

కలపొచ్చు, కానీ కంట్రోలర్ మీద బరువు పెరుగుతుంది, స్పీడు తగ్గించుకోవాల్సి వస్తుంది. డీడీఆర్5లో అయితే నాలుగు స్టిక్కులతో 6000 కోసం వోల్టేజీలు పెంచుకుంటూ పోవడం కంట్రోలర్‌ని కొట్టి పాలు పిండడమే. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా లోపలి చిప్‌లు వేరే ఉండొచ్చు. 64 జీబీ కావాలంటే పాతవి అమ్మేసి 32 జీబీవి రెండు కొనుక్కోండి.

నా 13వ తరం ఐ9 గేముల్లో క్రాష్ అవుతోంది, ర్యామ్ ఓవర్‌క్లాక్ వల్లే పాడైందా?

తప్పంతా ర్యామ్ మీదకి తోయకండి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కోర్లకి అవసరానికి మించి వోల్టేజీ వెళ్లి, కోర్ లోపలి క్లాక్ ట్రీ సర్క్యూట్ అరిగిపోతోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) మార్పులు ఇచ్చింది, ఆ మోడళ్లకి వారంటీ రెండేళ్లు పొడిగించింది. తమాషా ఏంటంటే ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి "వీడియో మెమరీ చాలలేదు" అనే ఎర్రర్, అందుకే చాలామంది ర్యామ్‌నీ గ్రాఫిక్స్ కార్డునీ అనుమానించారు. ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి, కొత్త బయోస్ వేసి చూడండి. అప్పటికీ క్రాష్ అయితే ప్రాసెసర్ వారంటీకి వెళ్లండి.

కంట్రోలర్ నిజంగా దెబ్బతిందని ఎలా గుర్తుపట్టాలి?

ఏళ్లుగా పాసైన సెట్టింగు ఫెయిల్ అవుతుంది, కొంచెం వోల్టేజీ పెంచితే మళ్లీ పాసవుతుంది, కొన్ని నెలలకి మళ్లీ ఫెయిల్. ఒక్కోసారి ఒక చానల్ మొత్తం కనపడకుండా పోతుంది, 32 జీబీ పెడితే 16 అని చూపిస్తుంది. అలా అయితే వెంటనే ప్రాసెసర్ పోయిందనుకోవద్దు, దాన్ని తీసి సాకెట్ పిన్నులు, కూలర్ ఒక పక్కకి ఎక్కువ బిగిసిందేమో చూడండి. అదే స్టిక్కులు ఇంకో సిస్టమ్‌లో బాగా నడిచి, ఇక్కడ ఏ స్టిక్కు పెట్టినా ప్రమాణ స్పీడులో కూడా తప్పులొస్తుంటే అప్పుడు అనుమానం ప్రాసెసర్ మీదకి, బోర్డు మీదకి పోతుంది.

ల్యాప్‌టాప్‌లో చేయొచ్చా?

చాలావాటిలో బయోస్ ఆ అవకాశమే ఇవ్వదు. వదిలేయండి.

ఇంత కష్టపడితే ఎంత లాభం?

మీ దగ్గర ఏముందో దాన్నిబట్టి. ఒక్క స్టిక్కుతో నడుపుతున్నవాళ్లు ఓవర్‌క్లాకింగ్ మాట పక్కనపెట్టి రెండోది కొనండి, 3200లో సెకనుకి 25.6 జీబీ ఉన్న బ్యాండ్‌విడ్త్ 51.2కి చేరుతుంది, దీన్ని ఏ టైమింగ్సూ ఇవ్వలేవు. రైజెన్ 5600జీ లాంటి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ మీదే గేములు ఆడేవాళ్లకి ర్యామ్ స్పీడు కళ్లకి కనిపించేంత తేడా ఇస్తుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టి 4కేలో ఆడేవాళ్లకి పెద్దగా తెలీదు. ఎక్స్‌3డీ ప్రాసెసర్లలో క్యాషే ఎక్కువ కాబట్టి వాటికీ తక్కువే, అందుకే ఎక్స్‌3డీ ఉన్నవాళ్లు ఎస్‌ఓసీ పెంచి మరీ రిస్క్ తీసుకోవడం నాకు అర్థం కాదు. ఆఫీసు పని, బ్రౌజింగ్, టాలీ అంటారా, ప్రొఫైల్ ఆన్ చేసి, వోల్టేజీలు ఒకసారి చూసి, క్యాబినెట్ మూత బిగించేయండి.